కాల్చిన రాయికి ఆ మాట చీటీ మీద ఉండాలి

సంపాదకులకు,

నెల్లూరు, ఒంగోలు ప్రదర్శనల్లో ముదురు నారింజ రంగు స్ఫటికాల గుత్తులకు ‘సహజ సిట్రిన్’ (పసుపు రంగు పలుగురాయి) అనీ, ఒక్కోచోట ఏకంగా ‘పుష్యరాగం’ అనీ చీటీ తగిలించి అమ్ముతున్నారు. అలాంటివి చాలావరకు బ్రెజిల్ నుంచి వచ్చిన ఊదారంగు అమెథిస్టును కొలిమిలో కాల్చినవే. వేడి 400 డిగ్రీలు దాటాక ఊదా విరిగి పసుపు దిగుతుంది. నగల వర్తకంలో చెప్పి అమ్మితే ఇది తప్పు కాదు. ఖనిజాలు సేకరించేవారికి మాత్రం రాయి భూమిలోంచి ఎలా వచ్చిందో అలాగే కావాలి.

సిట్రిన్ విషయంలో గుర్తుపట్టడం తేలికే. కాల్చిన గుత్తిలో రంగంతా మొనల్లోనే పోగవుతుంది, అడుగు సున్నంలా తెల్లబారి ఉంటుంది. సహజమైనది సాధారణంగా లేత తేనె రంగులో, కాస్త పొగ కలిసినట్టు, స్ఫటికం పొడవునా సమంగా కనిపిస్తుంది.

పుష్యరాగమని చెబితే విడిరాయిని తూచి చూడండి. కాటా మీద గ్లాసుడు నీళ్లు పెట్టి సున్నా చేయాలి. రాయిని దారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా ముంచాలి. 53 గ్రాముల రాయికి కాటా 20 చూపితే అది క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి జాతే. టోపాజ్ అయితే 15, నగల దుకాణాల్లో పుష్యరాగమనే పసుపు కురువిందమైతే 13 దగ్గర ఆగుతుంది. పగుళ్లలో గాలి బుడగలు నిలిస్తే లెక్క తప్పుతుంది కాబట్టి ముందు రాయిని బాగా నానబెట్టాలి. ఈ పరీక్ష రాయి ఏ జాతిదో చెబుతుంది, కాల్చారో లేదో చెప్పదు.

అసలు చిక్కు మరకతం జాతి ఖనిజమైన బెరిల్‌తో. మన మైకా గనుల్లోనూ బెరిల్ దొరికింది. ఆకుపచ్చ ఛాయ ఉన్న బెరిల్‌ను 400 డిగ్రీల పైన కాల్చితే అందులోని ఇనుము మార్పు చెంది నీలం తేలుతుంది. అలా కాల్చిన నీలి బెరిల్‌ను, అంటే ఆక్వామరీన్‌ను మామూలు పరీక్షలేవీ పట్టలేవు. అందుకే సైదాపురం వైపు పాత గనుల రాళ్లు దాచుకున్నవారు గని పేరు, ఊరు, దొరికిన తేదీ ఇప్పుడే రాసిపెట్టాలి. ఆ చీటీ పోతే మళ్లీ తెలుసుకునే దారి లేదు.

పొగరంగు పలుగును గ్యాస్ పొయ్యి మీద పెట్టి చూడాలనుకునేవారికి ఒక హెచ్చరిక: రంగు పోవడమే కాదు, లోపల చిక్కుకున్న నీరు ఆవిరై రాయి పేలి, ముక్కలు కళ్లలో పడతాయి.

ప్రదర్శనల నిర్వాహకులు ప్రతి చీటీ మీదా ‘కాల్చింది’, ‘కాల్చలేదు’, ‘తెలియదు’లో ఒకటి తప్పనిసరిగా రాయించాలని మా విన్నపం.

— ఖనిజ సేకర్తలు, నెల్లూరు జిల్లా