ఖాళీ బండి మైలేజీ మాకెందుకు? రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. డీజిల్ పికప్ తోలుకుంటూ బతికేవాణ్ణి. ట్యాంకు నింపినప్పుడల్లా ఎన్ని లీటర్లు పట్టింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఆ రోజు లోడు ఎంత అని రాసుకునే పుస్తకం ఎప్పుడూ బండిలోనే ఉంటుంది. ఇప్పుడు బండి మార్చాలి. ఏ ఇంజిన్ మంచిదో తేల్చుకుందామని కూర్చుంటే, కంపెనీలు ఇచ్చే కాగితాల్లో గుర్రపు శక్తి ఉంది, టార్క్ ఉంది, నాకు కావాల్సిన రెండు లెక్కలు మాత్రం లేవు. లోడుతో ఎంత తాగుతుంది? ఎన్ని కిలోమీటర్లకు ఏది పోతుంది?

ముందు తాగే సంగతి. పికప్ కొనేదే బరువు మోయడానికి. మైలేజీ పరీక్షలో మాత్రం అది దాదాపు ఖాళీగానే పరిగెడుతుంది. యూరప్‌లో ఎన్ఈడీసీ అనే పాత పరీక్ష పద్ధతిలో ఖాళీ బండి బరువుకు 100 కిలోలు కలిపి సరిపెట్టేవారు. తర్వాత వచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ అనే పద్ధతిలో సరుకు బండ్లకు మోయగల బరువులో 28 శాతం లెక్కేస్తున్నారు. కొంత నయమే. కానీ టన్ను మోసే బండికి 28 శాతమంటే 280 కిలోలు. అంత తక్కువ వేసుకుని బయల్దేరిన రోజు నా పుస్తకంలో వెతికినా దొరకదు.

అమెరికాలో ఇంకో తమాషా. లోడుతో కలిపి మొత్తం బరువు 8,500 పౌండ్లు, అంటే సుమారు 3,855 కిలోలు దాటే పికప్‌లకు అక్కడ మైలేజీ స్టిక్కరే అక్కర్లేదు. 2020లో షెవర్లే సిల్వరాడో 1500లో పెట్టిన 3 లీటర్ల డీజిల్‌కు, టూ వీల్ డ్రైవ్ బండిలో, హైవే మీద గ్యాలన్‌కు 33 మైళ్లని ప్రకటించారు. లీటరుకు 14 కిలోమీటర్లన్నమాట. అదే కంపెనీ 6.6 లీటర్ల డీజిల్ పెట్టిన పెద్ద సిల్వరాడోకు అలాంటి అంకె ఏదీ లేదు. ఎక్కువ తాగే బండికే లెక్క మాఫీ!

లీటరుకు ఇన్ని కిలోమీటర్లని చెప్పడంలోనూ ఒక చిక్కుంది. మైలేజీ 8 నుంచి 10కి పెరిగితే 1,000 కిలోమీటర్లకు 25 లీటర్లు మిగులుతాయి. 14 నుంచి 16కి పెరిగితే మిగిలేది 9 లీటర్లు కూడా కాదు. రెండు చోట్లా పెరిగింది రెండే కదా అనుకుని మోసపోతాం. 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లో రాయిస్తే ఈ గందరగోళమే ఉండదు.

ఇక ఏ ఇంజిన్ ఎంతకాలం నిలుస్తుందన్నది. మెకానిక్‌ని అడిగితే కంపెనీ పేరు చెబుతాడు. పేరు చూసి కొంటే ఎలా ఉంటుందో ఫోర్డ్ పికప్‌లలో వచ్చిన పవర్ స్ట్రోక్ అనే డీజిల్ ఇంజిన్ల చరిత్రే చెబుతుంది. 7.3 లీటర్ల ఇంజిన్‌ను ఇప్పటికీ మెచ్చుకుంటారు. దాని తర్వాత 2003లో వచ్చిన 6 లీటర్ల ఇంజిన్‌కు ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకే పంపే ఏర్పాటు) కూలర్లు, హెడ్ గ్యాస్కెట్లు పోయి చెడ్డపేరొచ్చింది. పేరు అదే, కథ వేరు. 1989లో డాడ్జ్ రామ్‌లోకి వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్ ఇంజిన్‌నే చూడండి. వరుసగా ఆరు సిలిండర్లు, ఇనుప బ్లాకు, ఒకటే హెడ్డు, మెకానికల్ పంపు. పాడయ్యే వస్తువులే తక్కువ. అలాగని పాతదంతా బంగారం అనను, దాని పొగ పీల్చినవాళ్లకు తెలుసు.

ఈ కాలపు డీజిల్‌లో అసలు ఇంజిన్ కన్నా ముందు దాని చుట్టూ ఉన్నవి పోతున్నాయి. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందించే కామన్ రైల్ ఏర్పాటులో పంపు 2,000 బార్ల దాకా ఒత్తిడి పుట్టిస్తుంది, దానికి డీజిలే కందెన. పంపు అరిగి లోహపు పొడి రాలిందంటే ఇంజెక్టర్లతో సహా మొత్తం మార్చుకోవాల్సి రావచ్చు. డీజిల్ ఎంత జారుగా ఉండాలో చూసే పరీక్షలో యూరప్ 460 మైక్రాన్ల అరుగుదల దాకా ఒప్పుకుంటే, అమెరికా 520 దాకా ఒప్పుకుంటుంది. అంటే ఒకే పంపు రెండు చోట్ల ఒకే ఆయుష్షుతో ఉండాలని లేదు. ఇది కొనేవాడికి ఎవరు చెబుతారు?

డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, దాని టెన్షన్ నేను పడ్డదే. అందులో చేరిన మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, దానికి ఇంజిన్ అదనంగా డీజిల్ తాగుతుంది. దగ్గర దగ్గర ట్రిప్పులు కొట్టే బండిలో అది సగంలోనే ఆగిపోతుంది. నా బండిలో లైటు వెలిగిన ప్రతిసారీ వర్క్‌షాపువాళ్లు చెప్పింది ఒకటే, హైవే మీద కాసేపు తోలుకుని రమ్మని. ఆ తాగిన డీజిల్ ఎవరి ఖాతాలో రాయాలి? కొందరు విసిగిపోయి ఫిల్టరే పీకించేస్తున్నారు. అది తప్పు, నేను ఆ పని చేయలేదు. ఆస్ట్రేలియాలో 2015 అక్టోబరు నుంచి 2020 ఏప్రిల్ దాకా అమ్మిన టయోటా డీజిల్ హైలక్స్, ఫార్చ్యూనర్, ప్రాడో బండ్ల ఫిల్టర్ వ్యవస్థలో లోపం ఉందని 2022లో కోర్టే తేల్చింది. ఒక్కొక్కరూ మొత్తుకుంటే డ్రైవింగ్ తీరు అంటారు, వేల మంది లెక్క ఒకచోట చేరితే లోపమని తేలుతుంది.

ఆ లెక్క కంపెనీల దగ్గర ఉంటుంది సార్. వారంటీ కింద ఏ భాగం, ఎన్ని కిలోమీటర్లకు మార్చారో ప్రతిదీ రాసుకుంటారు. అమెరికాలో 2000లో చేసిన ట్రెడ్ చట్టం ప్రకారం వారంటీ వివరాలు ప్రభుత్వానికి ఇవ్వాలి కూడా. కానీ వాటిని గోప్యంగా ఉంచుతారు, కొనేవాడికి చూపించరు. మీరు ఆ దారి పట్టవద్దు. ఇంజిన్ మోడల్‌వారీగా పంపు, ఇంజెక్టర్, టర్బో, ఈజీఆర్, డీపీఎఫ్ మార్పిడి లెక్కలు ఏటా జనానికి కనబడేలా పెట్టించండి. సగం లోడుతో, పూర్తి లోడుతో పరీక్ష చేసి, 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లో బండి అద్దం మీద అంటించమనండి. బండి ఎంత పెద్దదైనా మినహాయింపు వద్దు. బెల్టుల గడువు కూడా అక్కడే రాయాలి. ఇందాక చెప్పిన 3 లీటర్ల సిల్వరాడోలో ఆయిల్ పంపు బెల్టును 1,50,000 మైళ్లకు మార్చమన్నారు. అది ఇంజిన్ వెనక ఉంటుంది, మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. పాత బండి కొనేవాడికి ఈ ఒక్క ముక్క తెలిస్తే బేరం మారిపోతుంది.

మీ అధికారులకు పనికొస్తుందంటే నా పుస్తకం నకలు పంపిస్తాను. చేతిరాత బాగుండదు, అంకెలు మాత్రం సరిగ్గా ఉంటాయి. నా పాత బండి ఇంకో ఏడాది లాగేలా ఉంది. అప్పటిదాకా కొత్తది కొనకుండా ఆగుతాను.

ఇట్లు,
ఒక పికప్ యజమాని, డ్రైవరు కూడా