పారిస్ కాకుండా ఆ పల్లెకే ఎందుకు వెళ్లాం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పిల్లలు ఫ్రాన్స్ నుంచి క్షేమంగా తిరిగొచ్చారు. పారిస్‌లో ఇంకో రెండు రోజులు ఉంచకుండా ఎక్కడో ఉన్న పల్లెకు తీసుకెళ్లడం దేనికని బయల్దేరే ముందు మీలో కొందరు అడిగారు. ఖర్చు పెట్టేది మీరు, అడగాల్సిందే. ఈ నెల లేఖ దానికి జవాబు.

మేం వెళ్లిన ఊరి పేరు కోర్ద్-సుర్-స్యెల్. దక్షిణ ఫ్రాన్స్‌లో, ఆల్బి పట్టణానికి దగ్గర్లో, ఒక కొండ మీద ఉంది. జనాభా వెయ్యి కూడా ఉండదు. 1222లో తులూజ్ పాలకుడు కౌంట్ ఏడో రేమండ్ దీన్ని కట్టించాడు. అప్పటికే పదేళ్లకు పైగా ఆ ప్రాంతమంతా యుద్ధం. కాథర్లనే క్రైస్తవ శాఖను అణిచేయడానికి ఉత్తరాది నుంచి సైన్యాలు దిగాయి. ఇళ్లూ వాకిళ్లూ పోగొట్టుకున్నవాళ్లు తలదాచుకోవడానికి ఇలా కొండెక్కి, చుట్టూ గోడలు కట్టుకున్నారు.

రాళ్లు పరిచిన సందులు బాగా నిటారుగా ఉంటాయి. సగం దూరం వచ్చేసరికి అందరికీ ఆయాసం. పైన 24 రాతి స్తంభాల మీద నిలిచిన పాత సంత మండపం, దాని కింద ఒక బావి. లోతు సుమారు 113 మీటర్లు, అంటే ముప్పై అయిదు అంతస్తుల పైమాటే. శత్రువు చుట్టుముడితే కిందికి దిగి నీళ్లు తెచ్చుకునే వీలుండదు మరి. "మేడమ్, తవ్విన మట్టీ రాళ్లూ ఎలా పైకి తెచ్చారు?" అని ఒక అమ్మాయి అడిగింది. అక్కడి నుంచి అరగంట పాటు పిల్లలే వాదించుకున్నారు. గిలక, తాళ్లు, కూలీలు, కూలి డబ్బు... నేను నోరు మెదపలేదు. అలాంటి అరగంట క్లాసులో దొరకడం చాలా కష్టం.

తర్వాత బట్టల, తోలు వ్యాపారంతో ఊరు బాగుపడింది. ఒక ఇంటి గోడ మీద వేటగాళ్లు, కుక్కలు, అడవిపంది, కుందేలు చెక్కి ఉన్నాయి. ఆ ప్రాంతంలో పాస్టెల్ అనే మొక్క ఆకుల నుంచి నీలిరంగు తీసేవాళ్లు. ఓడల్లో మన దేశపు నీలిమందు రావడం మొదలయ్యాక ఆ వ్యాపారం దెబ్బతింది. మన పాఠంలో ఎగుమతి అని చదువుకున్నదే అక్కడ ఒకరి బతుకుతెరువు పోవడమని పిల్లలు అక్కడే గమనించారు.

వాళ్లు గీసిన బొమ్మలు లైబ్రరీలో పెట్టాం, పేరెంట్స్ మీటింగ్ రోజు తప్పకుండా చూడండి. వాటికి మార్కులు వెయ్యలేదు, వెయ్యం కూడా.

వచ్చే నెల తొమ్మిదో తరగతి పిల్లలందరినీ భువనగిరి కోటకు తీసుకెళ్తున్నాం. ఆ కొండ మీద నీళ్లు ఎలా నిల్వ చేసుకున్నారో చూసి రాయాలి. ఫ్రాన్స్ వచ్చినవాళ్లు, రాలేకపోయినవాళ్లు కలిసే జట్లుగా పనిచేస్తారు. దీనికి ఫీజు లేదు. పిల్లలకు జారని బూట్లు వేసి, నీళ్ల సీసా ఇచ్చి పంపండి. అనుమతి పత్రం డైరీలో ఉంది, సంతకం చేసి క్లాస్ టీచర్‌కు ఇవ్వండి.

మీ
ప్రిన్సిపాల్