బల్లను తిరగేసి చూశాకే బేరం

సంపాదకులకు,

మీ ఇంటి అలంకరణ పేజీలో కన్సోల్ టేబుళ్ల (గోడకు ఆనించి పెట్టే సన్నటి బల్లల) మీద వచ్చిన కథనం ఫొటోల వరకు బాగుంది. యాంటిక్, వింటేజ్, మోడ్రన్ అని మూడు రకాలూ చూపించారు. ఏది ఎందుకు ఆ పేరుకు తగుతుందో, మన ఇళ్లలో ఏది నిలుస్తుందో మాత్రం ఒక్క ముక్క లేదు. హనుమకొండలో, వరంగల్‌లో కొత్త ఫ్లాటు తీసుకున్నవాళ్లు చాలామంది తలుపు తీయగానే కనబడేలా ఒకటి పెట్టుకోవాలని చూస్తున్నారు. వాళ్లకు ‘దొరల గడీ నుంచి వచ్చింది’ అన్న మాట మీదే మొన్న చేసిన బల్లలు అమ్ముడుపోతున్నాయి. కలప పని తెలిసినవాళ్లం కనుక కొన్ని వివరాలు రాస్తున్నాం.

వందేళ్లు నిండితేనే యాంటిక్. మన 1972 నాటి చట్టం కూడా పురావస్తువుకు సాధారణంగా వందేళ్ల వయసే పెట్టింది. 1950లలో, 60లలో చేసినది వింటేజ్, అంతే. దాన్ని యాంటిక్ ధరకు కొనడం దండగ.

అసలు ఈ బల్ల యూరప్‌ది. 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దంలో ఫ్రాన్స్ రాజభవనాల్లో గోడకు బిగించి వాడేవారు. వెనక గోడే మోస్తుంది కాబట్టి ముందు వైపే రెండు కాళ్లు, పైన పాలరాతి పలక. గోడవైపు ఎవరూ చూడరు కనుక అక్కడ నునుపూ, పాలిష్ ఉండేవి కావు. అందుకే కొనేముందు బల్లను గోడ నుంచి జరిపి వెనక చూడాలి, తర్వాత తిరగేసి అడుగు చూడాలి. వెనకా కిందా అంతటా ఒకే నల్లటి రంగు పూసి ఉంటే అనుమానించండి. పాత చెక్క గాలి తగిలిన చోట ఒక రంగులో, మూసుకుని ఉన్న చోట ఇంకో రంగులో ఉంటుంది. సొరుగు పూర్తిగా బయటికి లాగి లోపలి మూలలు చూడండి. చేత్తో కోసిన అతుకుల్లో పళ్లన్నీ ఒకే కొలతకు రావు. అడుగు చెక్క మీద వంపు తిరిగిన రంపపు గీతలుంటే అది గుండ్రటి రంపం కోత. ఆ రంపం వాడుక పెరిగింది 19వ శతాబ్దంలో, కాబట్టి ‘మూడు వందల ఏళ్ల నాటిది’ అన్న కథ అక్కడే తేలిపోతుంది. స్టార్ తల స్క్రూలు 1930లలో వచ్చినవి. అవి కనబడితే తర్వాతి మరమ్మతైనా అయ్యుండాలి, లేదా బల్లే కొత్తదై ఉండాలి.

పురుగు రంధ్రాలను చూసి పాతదని మురిసిపోవద్దు. డ్రిల్లుతో వేసిన రంధ్రంలో గుండుసూది నేరుగా దిగిపోతుంది. పురుగు తొలిచిన దారి వంకర తిరుగుతుంది, సూది మధ్యలో ఆగుతుంది. నిజం రంధ్రమే అయి, కింద లేతరంగు పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉందన్నమాట. ఆ బల్ల ఇంటికి తెస్తే మిగతా చెక్కకూ పాకుతుంది.

పాలిష్ సంగతి. స్పిరిట్‌లో ముంచిన దూదితో కనబడని చోట రుద్దండి. పూత మెత్తబడి దూదికి అంటితే లక్క పాలిష్, కదలకపోతే మెలమైన్ లాంటి కొత్త పూత. లక్క పాలిష్ పాడైందని ఎమిరీ పేపర్‌తో తెల్లచెక్క దాకా గీకేస్తారు, పాతబల్లకు ఉన్న విలువంతా ఆ పొట్టులో పోతుంది. దుమ్ము తుడిచి, లీటరు స్పిరిట్‌కు 120 నుంచి 150 గ్రాముల లక్క రేకులు రాత్రంతా నానబెట్టి, వడగట్టి, గుడ్డ ఉండతో పలుచగా పూతలు ఇస్తే చాలు. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. గాల్లోని తేమకు పూత తెల్లగా పాలిపోతుంది. అవిసె నూనె వాడితే ఆ గుడ్డలను కుప్పగా పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా బయట ఆరేయాలి.

ఇక్కడివాళ్లు పట్టించుకోని దారి ఇంకొకటుంది. గిర్మాజీపేట లాంటి పాతపేటల్లో పెంకుటిల్లు కూలగొట్టినప్పుడు దర్వాజలు, దూలాలు, దంతెలు పాతకలప కింద పోతాయి. అందులో మంచి టేకు ఉంటుంది. నాలుగు అడుగుల పొడవు, 12 ఇంచుల లోతు, 32 ఇంచుల ఎత్తు కన్సోల్‌కు తరుగుతో కలిపి ఒకటింపావు ఘనపుటడుగు కలప చాలు. 5×3 ఇంచుల దర్వాజ ఏడడుగుల నిలువులు రెండూ అందుకు సరిపోతాయి. గడప దగ్గర తేమకు, చెదకు దెబ్బతిన్న నాలుగు ఇంచులు ముందే కోసి పారేయాలి. పై నాలుగడుగుల ముక్కలను ఇంచు మందం పలకలుగా చీరిస్తే మూడు పలకలు అంచుకు అంచు అతికి పైబల్ల అవుతుంది, మిగిలినవి పైబల్ల కింద కాళ్లను కలిపే పట్టీలకు వస్తాయి. కింది ముక్కల్లో ఒకటీ ముప్పావు ఇంచు చదరపు కాళ్లు నాలుగు దొరుకుతాయి. చీరించే ముందు అయస్కాంతంతో ప్రతి మొలా వెతికి తీయాలి. ఒక్క మొల మిగిలినా సామిల్లు రంపం పళ్లు పోతాయి, తర్వాత పాతకలప అంటేనే మిల్లువాళ్లు వద్దంటారు. పలకలను మధ్యలో పుల్లలు పెట్టి నీడలో పేర్చి రెండు వారాలు ఉంచాకే చిత్రిక పట్టించండి. కోశాక కాస్త వంగడం మామూలే, వంగేదేదో అప్పుడే వంగనివ్వాలి.

దర్వాజ మీది పాత ఎనామిల్ రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. కాబట్టి పొడిగా రుద్దకుండా తడిపి గీకించండి. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

ఎక్కువ బల్లలు పగిలేది ఒకే కారణంతో: పైబల్లను కింది పట్టీలకు జిగురు పెట్టి, స్క్రూలతో గట్టిగా బిగించేయడం. మన ఎండాకాలపు వడగాలికి 12 ఇంచుల వెడల్పు టేకు పలక రెండు మూడు మిల్లీమీటర్లు కుంచించుకుని, వానాకాలంలో మళ్లీ ఉబ్బుతుంది. పొడవులో మారదు, అడ్డంగానే మారుతుంది. కదలనివ్వకపోతే చీలుతుంది. పట్టీ లోపలివైపు గాడి తీసి, అందులో జారే చిన్న చెక్క బిళ్లలతో పైబల్లను పట్టించాలి, లేదా స్క్రూ రంధ్రాన్ని అడ్డానికి కోలగా సాగదీయాలి. పట్టీల కొసలకు కుసి (బెజ్జంలో దిగే నాలుక) తీసి కాళ్ల బెజ్జాల్లో దించాలి. మొలలు కొట్టి నిలబెట్టిన కాళ్లు ఏడాదికే ఊగుతాయి.

మోడ్రన్ రకాల్లో ఇనుప ఫ్రేమే మేలు: 25 మిల్లీమీటర్ల చదరపు పైపు, 16 గేజ్ మందం. పైన కరీంనగర్ గ్రానైట్ వేస్తే 18 మిల్లీమీటర్ల పలక చదరపు అడుగుకు నాలుగున్నర కిలోలు, నాలుగడుగుల బల్లకు 18 కిలోలు తూగుతుంది. గ్లాసు వేస్తే టఫెండ్ చేయించే (వేడితో గట్టిపరిపించే) ముందే కొలత, రంధ్రాలు ఖాయం చేసుకోవాలి, ఆ తర్వాత కోస్తే పొడి అవుతుంది. పార్టికల్ బోర్డు జోలికి పోవద్దు. తడిగుడ్డ పెట్టిన చోట కాళ్లు ఉబ్బుతాయి. ప్లైవుడ్ అయితే మరిగే నీటికీ తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం అడగండి.

ఏ రకమైనా సరే, బల్ల ముందు నడవడానికి మూడడుగులు మిగలాలి. నాలుగడుగుల నడవకు 12 ఇంచుల లోతే గరిష్ఠం, మూడున్నరైతే ఆరు ఇంచుల గోడ షెల్ఫుతో సరిపెట్టుకోండి. కూలర్ గాలి నేరుగా తగిలే చోట పెడితే ఆ తడికి వెనీర్ (పైన అతికిన పలుచని చెక్కపొర) లేచిపోతుంది. పిల్లలు పట్టుకుని లాగుతారు కాబట్టి వెనక రెండు ఎల్ క్లాంపులతో గోడకు బిగించాలి. ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి దిగేలా 50 మిల్లీమీటర్ల స్క్రూ, ప్లగ్గు వాడండి. పాత మట్టిగోడ ప్లగ్గును పట్టదు, అక్కడ నాలుగు కాళ్ల బరువైన బల్లే పెట్టుకోవాలి. ముందు రెండే కాళ్లున్న రకం ఆ గోడలకు పనికిరాదు.

ఇకపై ఇలాంటి కథనాలు వేసినప్పుడు ఫొటో కింద పొడవు, లోతు, ఎత్తు, కలప పేరు కూడా అచ్చువేయమని మనవి.

– కలప పని తెలిసిన పాఠకులు, హనుమకొండ