మస్టాంగ్ యాక్సిల్ కొనే ముందు చూడండి

ఫాక్స్‌బాడీ (1979-93) ఫోర్డ్ మస్టాంగ్‌తో డ్రాగ్ స్ట్రిప్‌కి, అంటే నేరుగా దూసుకెళ్లే రేసు ట్రాక్‌కి, వెళ్లాలనుకుంటున్న వాళ్లకు ఒక మాట. 1986 నుంచి వీ8 కార్లకు వచ్చిన 8.8 (అంగుళాల రింగ్ గేర్) వెనక యాక్సిల్ హౌసింగ్, అంటే బయటి గొట్టం, గట్టిదే. అసలు టెన్షన్ లోపల చక్రాలను తిప్పే 28 స్ప్లైన్ (చివర 28 గాళ్లు ఉన్న) షాఫ్టులతోనే. స్లిక్ టైర్లు (గాళ్లు లేని రేసు టైర్లు) రోడ్డును పట్టేస్తే లాంచ్ దెబ్బంతా ఆ షాఫ్టుల మీదే. షాఫ్టును లోపల పట్టి ఉంచే సీ-క్లిప్ దగ్గర విరిగిందా, షాఫ్టుతో సహా చక్రం బయటికొచ్చేస్తుంది! 31 స్ప్లైన్ షాఫ్టులు, వాటికి సరిపోయే డిఫరెన్షియల్, సీ-క్లిప్ ఎలిమినేటర్లు (క్లిప్ బదులు షాఫ్టును బయటి చివర పట్టి ఉంచేవి) కలిపే కొనండి. క్వార్టర్ మైలు 10.99 సెకన్లు, అంతకన్నా తక్కువైతే ఇలాంటి షాఫ్టులు, ఎలిమినేటర్లు ఉండాలని ఎన్‌హెచ్ఆర్ఏ (అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ) రూల్ కూడా ఉంది. డ్రైవ్‌షాఫ్ట్ లూప్ (డ్రైవ్‌షాఫ్ట్ విరిగితే కింద పడకుండా ఆపే పట్టీ) కూడా తప్పనిసరిగా పెట్టండి.

సస్పెన్షన్‌లో మొదట వెనక లోయర్ కంట్రోల్ ఆర్మ్‌లు (యాక్సిల్‌ను బాడీకి కలిపే కింది కడ్డీలు) మార్చండి, తర్వాత అడ్జస్టబుల్ షాకులు. లాంచ్‌లో కారు ముందుభాగం లేచేటప్పుడు ఒక పక్కకు మెలితిరిగితేనే యాంటీరోల్ బార్ (ఆ మెలికను ఆపే కడ్డీ) పెట్టండి. మెరిసే పార్టులకు తొందరపడకండి. పినియన్ యాంగిల్ (డ్రైవ్‌షాఫ్ట్‌కి, యాక్సిల్‌లోని పినియన్ గేర్‌కి మధ్య కోణం) ఎలా కొలవాలో తెలియనివాళ్లు ఇక్కడే అడగండి.