కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, తల్లులకు, సోదరులకు నమస్కారం.

మన నియమావళి ప్రకారం కార్యదర్శి ఏటా చేసిన పనిని సభ ముందు ఉంచాలి కనుక, 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జరిగినదాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. మన తెలుగు సంఘం ఆశయాలు మీరందరూ ఎరిగినవే. పంచాంగ శ్రవణం, కార్తిక వనభోజనం, సంక్రాంతి ముగ్గుల పోటీ యథావిధిగా జరిగాయి. వనభోజనానికి వచ్చినంత మంది ఏ ఇతర కార్యక్రమానికీ రాలేదన్నది కూడా యథావిధిగానే జరిగింది. ఈ నివేదికలో ఎక్కువ భాగం బడి గురించే ఉంటుంది. పోయినేడు సభలో ఒక పెద్దాయన లేచి, ఒడిశా ప్రభుత్వం బడులకు ఇన్ని కోట్లు ఇస్తున్నామని చెబుతుంటే పర్లాకిమిడిలో మన పిల్లల తెలుగు తరగతికి ఒక తెలుగు మాస్టారు ఎందుకు లేరని అడిగారు. ఆ రోజు మా దగ్గర సమాధానం లేదు. ఏడాదంతా దాని వెంటే తిరిగాం.

తేలినది ఇది. ఒడిశా ప్రభుత్వం 2025–26కు ప్రవేశపెట్టిన బడ్జెట్టు 2.90 లక్షల కోట్ల రూపాయలు. ఇంత పెద్ద అంకె మన వీధి బడి గుమ్మం దాకా వచ్చేసరికి తలల లెక్కగా మారిపోతుంది. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో భరించే సమగ్ర శిక్షా పథకంలో బడికి ఏటా ఇచ్చే గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు ఉంటే 10,000 రూపాయలు, 100 మంది వరకు 25,000, 250 మంది వరకు 50,000. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్న మరమ్మతులు, మరుగుదొడ్ల శుభ్రత అన్నీ అందులోంచే జరగాలి. 29 మంది ఉన్న బడిలో మరో ఇద్దరు చేరితే 15,000 రూపాయలు ఎక్కువ వస్తాయన్నమాట. మనం ప్రైవేటు బడి వ్యానెక్కించి పంపే ఒక్కొక్క పిల్లవాడితో పాటు ఆ డబ్బు కూడా వెళ్ళిపోతోందని సభ్యులు గుర్తించాలి.

ఉపాధ్యాయుల లెక్క కూడా ఇటువంటిదే. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు ఉపాధ్యాయులు ఉండాలి. ఈ లెక్క బడి మొత్తాన్ని చూస్తుందే గాని, ఏ గదిలో ఏ భాష వినబడుతోందో చూడదు. ఉదాహరణకు 85 మంది ఉన్న బడిలో పాతిక మంది తెలుగు తరగతుల వారనుకుంటే, ముగ్గురు ఉపాధ్యాయులూ ఒడియా వారే అయినా కాగితం మీద కొరత లేనట్లే. మనం ఎక్కువగా తిరిగిన బడిలో జరిగినది అదే. తెలుగు చెప్పే ఉపాధ్యాయిని పదవీ విరమణ చేశాక ఖాళీ భర్తీ అయింది. వచ్చిన మాస్టారు సౌమ్యులు, లెక్కలు చక్కగా చెబుతారు, కాని ఆయనకు తెలుగు అక్షరాలు రావు. తప్పు ఆయనది కాదు. ఒడిశా ఉపాధ్యాయ అర్హత పరీక్షలో మొదటి భాషగా ఒడియాతో పాటు తెలుగునూ ఎంచుకోవచ్చు. అంటే పరీక్ష రాయడానికి తలుపు తెరిచే ఉంది, లోపల కుర్చీ వేసి ఉందో లేదో అడిగేవారే లేరు.

అడగడానికి ఆధారం ఉందా అని వెతికితే కావలసినన్ని దొరికాయి. 1956లో ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని చెబుతోంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా బోధన మాతృభాషలో ఉండాలనే అంటోంది, కాకపోతే ‘ఆచరణ సాధ్యమైనంత మేరకు’ అనే మూడు మాటలు ముందు పెట్టింది. మేము వెళ్ళిన ప్రతి కార్యాలయంలోనూ ఆ మూడు మాటలే అందరికీ కంఠస్థం. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో చెప్పమంటుంది. వీటన్నిటికన్నా మాకు పనికొచ్చినది ఒక పాత తీర్మానం. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం, బడి మొత్తంలో 40 మంది గాని ఒక తరగతిలో 10 మంది గాని వేరే మాతృభాష గల పిల్లలు ఉంటే వారి భాషలో బోధనకు ఏర్పాటు చేయాలని అంగీకరించింది. ఆ పిల్లలు ఎందరో ముందే తెలియడానికి విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా బడిలో ఒక ముందస్తు నమోదు రిజిస్టరు తెరవాలన్నది కూడా భాషా అల్పసంఖ్యాకుల రక్షణ ఏర్పాట్లలో ఉంది. మా వయసు వారెవరమూ ఈ ప్రాంతంలో అటువంటి రిజిస్టరును కంటితో చూడలేదు.

ఇక్కడ చిక్కుముడి ఎక్కడ పడిందో సభ్యులు గమనించాలని కోరుతున్నాను. తెలుగు మాస్టారు లేరని తల్లిదండ్రులు పిల్లలను తెలుగు తరగతిలో చేర్చడం లేదు, పిల్లలు లేరని పైవారు మాస్టారును ఇవ్వడం లేదు. పైగా ఉన్న పిల్లలు కూడా లెక్కలోకి రావడం లేదు. బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వెబ్ వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో ప్రతి విద్యార్థి వివరాలతో పాటు మాతృభాష అనే గడి ఉంటుంది. ఒక బడి ప్రధానోపాధ్యాయుల వారు పెద్దమనసుతో మా కార్యవర్గ సభ్యులను పక్కన కూర్చోబెట్టుకొని ఆ వివరాలు తెరిచి చూస్తే, ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని పిల్లల పేర్ల ఎదుట కూడా ఒడియా అనే ఉంది. ఎవరో కక్షగట్టి చేసింది కాదు. నమోదు చేసేవారు మొదటి పిల్లవాడికి ఏది పెట్టారో మిగతా అందరికీ అదే పెట్టుకుంటూ పోయారు, చేర్చిన రోజు మనలో ఏ తండ్రీ అడిగి చూసుకోలేదు. ఆ తరువాత కొందరివి సరిచేశారు, మిగిలినవి ఈ ఏడాది సరిచేయించాలి.

ప్రభుత్వం తెరవని రిజిస్టరును మనమే తెరుద్దామన్నది కార్యవర్గం నిర్ణయం. అందుకు 2024 ఆగస్టు 29, గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి జయంతిని ఎంచుకున్నాం. ఏటా ఆ రోజు ఒక దండ, నాలుగు ఉపన్యాసాలు, పులిహోరతో సరిపెట్టేవాళ్ళం. ఈసారి ఉపన్యాసాలు ఒక్కదానికి కుదించి, వేదిక మీద బల్ల వేసి, దాని మీద పొడవాటి రిజిస్టరు పెట్టాం. వచ్చే ఏప్రిల్‌లో మొదలయ్యే విద్యా సంవత్సరానికి మా బిడ్డకు తెలుగులో బోధన కావాలని తల్లి గాని తండ్రి గాని స్వయంగా వచ్చి సంతకం చేయాలి. వాన పడుతుందేమోనని భయపడ్డాం, పడింది కూడా. అయినా పెండాల్ కింద జనం కదలలేదు. నేను ఈ సంఘంలో ఉన్న ఇన్నేళ్ళలో తల్లులు అంత మంది ముందుకు వచ్చిన సభ మరొకటి చూడలేదు.

ఆ రోజు జరిగిన ఒక సంగతి నివేదికలో ఉండాలని రాస్తున్నాను. వరుసలో ఉన్న ఒక తల్లి కలం పట్టుకొని ఆగిపోయింది. ఆమె చదువు మొత్తం ఒడియాలో సాగింది, తెలుగులో తన పేరు రాయడం రాదు. వేలిముద్ర వేయనా అని మెల్లగా అడిగింది. వద్దమ్మా, నీకు వచ్చిన అక్షరాల్లోనే రాయమని అధ్యక్షుల వారు చెబితే, గుండ్రని ఒడియా అక్షరాల్లో సంతకం చేసింది. ఆమె తరువాత వచ్చిన వారిలో చాలామంది అలాగే చేశారు. మా పిల్లలకు తెలుగు నేర్పండి అన్న కోరిక కింద వరుసగా ఒడియా సంతకాలు ఉన్న ఆ పుట నకలు తీయించి, తెలుగు మాస్టారు కావాలని అధికారులకు ఇచ్చిన మహజరుకు (వినతిపత్రానికి) జతచేశాం. ఎందుకు అడుగుతున్నారని ప్రశ్నించే అధికారికి అంతకన్న మంచి జవాబు మేము రాయలేకపోయాం.

సాయంత్రానికి 37 పేర్లు వచ్చాయి. నలభైకి మూడు తక్కువ. ఆ మూడింటి కోసం వీధి వీధి తిరుగుతామని సంఘం వాట్సాప్ గ్రూపులో బొటనవేలు చూపిన సభ్యులు చాలామందే ఉన్నారు. ఆదివారం ఉదయం మార్కెట్ దగ్గర కలిసినవారు మాత్రం నలుగురు, అందులో ఇద్దరు కార్యవర్గం వారే. ఒకరికి పెళ్ళి, ఒకరికి పొలం పని, ఒకరికి మోకాలి నొప్పి. నొప్పిని నేను కాదనను, కాని ఆ మోకాలు వనభోజనం రోజున కొండెక్కిందని సభకు తెలియజేయడం నా విధి. ఆ నలుగురూ మూడు ఆదివారాలు తిరిగి జాబితాను 43కు చేర్చారు.

మహజరు సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదట ఇంగ్లీషులో రాసి ఒక పై కార్యాలయంలో ఇస్తే స్వీకరించినట్లు ముద్ర వేశారు. రెండోసారి వెళితే కాగితం వేరే విభాగానికి వెళ్ళిందన్నారు, ఆ విభాగం వారు మా దగ్గరకు రానేలేదన్నారు. ఒక గుమస్తా గారు ఒడియాలో రాసుకురండి, చదివేవారైనా ఉంటారు అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది, 1954 నుంచి ఈ రాష్ట్ర అధికార భాష ఒడియాయే. మన వీధిలోనే ఉండే ఒక ఒడియా ఉపాధ్యాయులు రాత్రి రెండు గంటలు కూర్చొని చక్కని ఒడియాలో రాసి ఇచ్చారు, మనం ఇవ్వబోయిన శాలువా కూడా పుచ్చుకోలేదు. ఈ నివేదిక రాసే నాటికి లిఖితపూర్వకంగా జవాబు రాలేదు. నోటి మాటగా మాత్రం, పిల్లలు చేరాక చూద్దాం అన్నారు. మాస్టారు వచ్చాక చేరుస్తామని తల్లిదండ్రులు అంటున్నారని మేమూ నోటి మాటగానే చెప్పి వచ్చాం.

గిడుగు వారి జయంతి నాడు ఒక సభ్యుడు లేవనెత్తిన మాట కూడా ఇక్కడ నమోదు చేయాలి. 2006–07లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం కింద ఒడిశాలో సవర, కువి, కోయ మొదలైన గిరిజన భాషల పిల్లలకు తొలి తరగతుల పుస్తకాలు వారి భాషల్లో వచ్చాయి, నేడు ఆ భాషలు 21. వారికి ఉన్నది మనకెందుకు లేదని ఆ సభ్యుని ప్రశ్న. ప్రశ్న సరైనదే గాని, ఆ గొంతు నాకు నచ్చలేదు. ఈ ఊళ్ళో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకొని, వారికి బడులు పెట్టి, నిఘంటువు కూర్చిన వారు గిడుగు వారే. సవర పిల్లలకు వచ్చినది ఆయన కోరుకున్నదే, దాన్ని చూసి మనం నొచ్చుకోరాదు. మన చిక్కు వేరు. తెలుగు గిరిజన భాష కాదు, ఈ రాష్ట్ర భాషా కాదు, పక్క రాష్ట్రంలో కోట్ల మంది మాట్లాడే పెద్ద భాష. అందువల్ల మన పిల్లలను ఎవరో చూసుకుంటారని ఇరువైపులా అనుకుంటారు.

ఆ పక్క రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్ సంగతి. సరిహద్దు అవతలి పాతపట్నం ఎంత దూరమో మీకు చెప్పనక్కరలేదు. అక్కడ తల్లి ఖాతాలో ఏటా 15,000 రూపాయలు వేస్తామన్న నాటి అమ్మఒడి పథకం వచ్చాక, బంధువుల ఇంటి చిరునామాతో పిల్లలను అటు చేర్చే ఆలోచన మన వీధుల్లోనూ వినబడింది. తల్లి చేతికి డబ్బు ఇవ్వడం మంచిదా, బడికి మాస్టారును ఇవ్వడం మంచిదా అంటే నా ఓటు మాస్టారుకే. ఇక పుస్తకాలు. మన తరగతులకు తెలుగు పుస్తకాలు సమయానికి అందనందున సరిహద్దు దాటి తెచ్చి పంచాం. అవి ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషుగా అచ్చయినవి. చదవడం నేర్పడానికి పనికొచ్చాయి గాని, పాఠ్యప్రణాళిక వేరు కావడంతో పరీక్షలకు పనికిరాలేదు. ఈ తాత్కాలిక ఏర్పాటును ఇక కొనసాగించరాదని నా అభిప్రాయం.

పూర్వ విద్యార్థుల విషయంలో మనం ఆలస్యం చేశాం. 2017లో మొదలైన మో స్కూల్ కార్యక్రమంలో పూర్వ విద్యార్థి ఒక రూపాయి ఇస్తే ప్రభుత్వం రెండు రూపాయలు కలిపేది. విశాఖలోనూ హైదరాబాదులోనూ స్థిరపడిన మన వారికి ఆనాడే ఉత్తరాలు రాసి ఉంటే బాగుండేది. ఇప్పుడు అది పంచసఖ శిక్షా సేతు పేరుతో నడుస్తోంది. కొత్త నిబంధనలు చదివి చెప్పే బాధ్యత సహకార్యదర్శి గారికి అప్పగించాం.

కృతజ్ఞతలు చాలామందికి చెప్పాలి. వాన తెలిసి కూడా పెండాల్ అద్దె సగమే తీసుకున్న వారికి, మైకు సెట్టు ఉచితంగా ఇచ్చిన యువకులకు, పులిహోర వండిన మహిళా విభాగం వారికి, గుడి మండపాన్ని ప్రతి ఆదివారం ఇచ్చిన ధర్మకర్తలకు, రిజిస్టరు బైండు చేయించిన ముద్రణాలయం వారికి, యూడైస్ వివరాలు చూపిన ప్రధానోపాధ్యాయుల వారికి, పుస్తకాలను తన ఆటోలో తెచ్చి కిరాయి అడగని సోదరునికి, సాయంత్రాలు పిల్లలకు ఉచితంగా అక్షరాలు దిద్దించిన విశ్రాంత ఉపాధ్యాయినికి సంఘం తరఫున నమస్కారాలు. పేర్లు రాయవద్దని వారిలో పలువురు కోరినందున ఎవరి పేరూ రాయలేదు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా పంచుతున్నారు. ఆడిటరు గారు చూసి సంతకం చేశారు. పుస్తకాల ఖర్చు అంచనా మించిన మాట నిజమే, రసీదులన్నీ ఉన్నాయి. చందా బాకీ ఉన్నవారు బయటికి వెళ్ళేముందు చెల్లించగలరు.

రానున్న ఏడాదికి కార్యవర్గం సభ ఆమోదం కోరుతున్న పని ఒకటే. మన తెలుగు పిల్లలు చదివే ప్రతి బడిలోనూ యాజమాన్య కమిటీలో మన తల్లి ఒకరైనా ఉండాలి. చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలే కనుక ఇందుకు ఎవరి దయా అక్కరలేదు, కమిటీ ఎన్నుకునే రోజున బడికి వెళితే చాలు. రిజిస్టరు ప్రస్తుతం నా దగ్గర ఉంది. 43 పేర్లలో ఆరుగురు పిల్లలు ఈ ఏప్రిల్‌లో ఇంగ్లీషు ప్రైవేటు బడిలో చేరారు. వారిలో ఇద్దరు ఈ సభలో కూర్చున్న సభ్యుల మనవలు. కొత్త పేర్లు రాయించదలచినవారు ఆదివారం ఉదయం గుడి మండపానికి రాగలరు, తల్లి గాని తండ్రి గాని స్వయంగా రావాలి, ఏ లిపిలో సంతకం చేసినా సరే.

ఇట్లు,
కార్యదర్శి