విమానం ఆపడం తప్పెలా అయింది?

సంపాదకులు గారికి నమస్కారం.

టేకాఫ్‌కి పరుగు తీస్తున్న విమానంలో వేగం చూపించే పరికరం మొరాయిస్తే పైలట్లు రన్‌వే మీదే ఆపేసిన వార్త మీ పేపర్లో వచ్చి వారం దాటింది. "త్రుటిలో తప్పిన ముప్పు" అని హెడ్డింగు, కింద ప్రయాణికులు సిబ్బంది మీద విరుచుకుపడుతున్న ఫొటో. ఎవరో ఒకరు ఇది సరికాదని రాస్తారని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ముప్పు దానంతటది తప్పిపోలేదండీ. కాక్‌పిట్‌లో కూచున్న ఇద్దరు పైలట్లు తమ పని సక్రమంగా చేశారు. మా మేనల్లుడు విమానాల మెయింటెనెన్స్‌లో ఉన్నాడు, వాణ్ణి కూచోబెట్టి అడిగాను. పరుగు మొదలయ్యాక వేగం 80 నాట్లకో 100 నాట్లకో, అంటే గంటకు సుమారు 150 నుంచి 185 కిలోమీటర్లకు రాగానే ఒక పైలట్ ఆ అంకె పైకి చెబుతాడట, రెండో పైలట్ తన ముందున్న అంకె చూసుకుని సరిపోయిందని బదులివ్వాలి. తేడా ఉంటే అక్కడికక్కడే ఆపాలి. ఎందుకంటే ఇంకాస్త ముందుకెళ్లి వీ-వన్ అనే వేగం దాటిందంటే ఇక ఆగడానికి రన్‌వే చాలదు, లేవాల్సిందే. చూడ్డానికీ, నమ్మడానికీ, నిర్ణయించడానికీ వాళ్లకున్నది కొన్ని సెకన్లు. "ఫైరింజన్లు పరుగులు తీశాయి" అని కూడా రాశారు, మంటలు లేచినట్టు. అంత బరువును ఒక్కసారి ఆపితే బ్రేకులు విపరీతంగా వేడెక్కుతాయి, మరీ వేడైతే టైర్లు పేలకుండా కరిగి గాలి వదిలేసే ప్లగ్గులు చక్రాల్లోనే ఉంటాయి. ఫైరింజన్లు వచ్చేది అందుకే, బ్రేకులు చల్లారేదాకా విమానాన్ని కదపరు. ఆలస్యమైందని అరిచినవాళ్లు, ఆ ఎయిర్‌హోస్టెస్ పిల్ల ముఖం మీద ఫోన్లు పెట్టి వీడియోలు తీసినవాళ్లు ఇది ఒక్కసారి అడిగి తెలుసుకుంటే ఏం పోయేది?

ఆపకపోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ నుంచి బయల్దేరిన బిర్గెన్ఎయిర్ బోయింగ్ 757లో కెప్టెన్ వైపు స్పీడు మీటరు పనిచెయ్యట్లేదని పరుగులో ఉండగానే తెలిసింది. అయినా లేపారు. 189 మందిలో ఒక్కరూ మిగల్లేదు. వేగం లెక్కకట్టడానికి గాలి ఒత్తిడిని పట్టే పిటో గొట్టంలో కందిరీగలు మట్టిగూడు పెట్టి ఉంటాయని తేల్చారు, విమానం రోజుల తరబడి నేలమీద ఉంటే ఆ గొట్టాలకు తొడుగులు వెయ్యలేదట. 2018లో బ్రిస్బేన్‌లో అదే కందిరీగల భయానికి తొడుగులు వేశారు, తియ్యకుండానే మలేషియా ఎయిర్‌లైన్స్ విమానాన్ని పంపేశారు. అదృష్టం కొద్దీ అది తిరిగొచ్చి దిగింది. ఇక మన దేశంలోనే 1978 జనవరి 1న బొంబాయి నుంచి దుబాయ్ బయల్దేరిన ఎయిరిండియా 'ఎంపరర్ అశోక', విమానం ఎటు వాలిందో చూపే పరికరం కెప్టెన్‌కి తప్పు చూపించడంతో సముద్రంలో పడి 213 మంది పోయారు. అద్దం వెనక ముల్లు తప్పు చెబితే మనుషులు పోతారు. అది తప్పు చెబుతోందని కనిపెట్టినవాడికి మనం దండం పెట్టాలి.

విజయనగరం జిల్లా వాళ్లకి ఈ సంగతి వేరే చెప్పాలా? 2023 అక్టోబరు 29న కంటకాపల్లి, అలమండ మధ్య రాయగడ పాసింజరు రైలు వెనకనుంచి వెళ్లి పలాస పాసింజరును గుద్దితే 14 మంది చనిపోయారు. చెడిపోయిన ఆటోమేటిక్ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి, ఆ తరవాత గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలన్నది రూలు. రాయగడ బండి డ్రైవరు, అసిస్టెంటు డ్రైవరు ఆగలేదని ప్రాథమిక విచారణలో అన్నారు, సమాధానం చెప్పుకోడానికి ఆ ఇద్దరూ బతికి లేరు. సిగ్నళ్లు ఎందుకు చెడి ఉన్నాయని గట్టిగా అడిగినవాళ్లు ఎంతమంది? ఆగకపోతే తిడతాం, ఆగినా తిడతాం.

ఇక్కడి స్కూలు వ్యాన్లు చూడండి. బండి రోడ్డు మీద పరుగెడుతుంటే స్పీడోమీటరు ముల్లు సున్నా దగ్గరే పడుంటుంది. డ్రైవరు అడిగితే "ఇన్నాళ్లూ నడపలేదా?" అని ఓనరు గద్దిస్తాడు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మాత్రం టంచనుగా వస్తుంది. బాగాలేదు, నడపను అన్నవాడికి ఉద్యోగం ఉండదు. ఏ ప్రమాదం జరిగినా "విచారణకు ఆదేశం" అని మర్నాడు చదువుతాం, ఆ విచారణలో ఏం తేలిందో మాత్రం చదవం.

విమానయాన శాఖ 2014లో విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు గారికి దక్కింది, 2024లో శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారికి దక్కింది. భోగాపురంలో ఎయిర్‌పోర్టు మన కళ్లముందే లేచింది. ఉద్దానం నుంచి గల్ఫ్‌కి వెళ్లే కుర్రాళ్లు జీవితంలో మొదటిసారి విమానం ఎక్కేది అప్పుడే, వాళ్లకోసం ఇంట్లో ఎదురుచూసే తల్లులకి టెన్షన్ పెంచే హెడ్డింగులు కాదు, జరిగింది జరిగినట్టు కావాలి. విమానం టేకాఫ్ ఆపుకున్నప్పుడల్లా ఏం చెడిందో, అంతకుముందు ఎవరైనా దాని గురించి కంప్లైంటు రాశారో, ఏం బాగుచేసి మళ్లీ పంపారో కంపెనీలు నెల తిరక్కుండా జనానికి చెప్పేలా మంత్రిగారు చూడాలి.

మీ విలేకరిని ఆ విమానం సంగతి మళ్లీ కనుక్కోమనండి. ఏ పరికరం చెడింది, ఎందుకు చెడింది అన్నది జిల్లా పేజీలో చిన్న ముక్కగా వేసినా చాలు. ఆ పైలట్లిద్దరూ చేసింది సరైన పనేనని కూడా అందులో రాయండి.

– ఒక పాఠకురాలు, తోటపాలెం, విజయనగరం