పదో తరగతితో చెయ్యి వదిలేయకండి

సంపాదకుడు గారికి,

జూన్‌లో బడులు తెరవగానే మా కోనసీమ పేజీల నిండా నోటు పుస్తకాల పంపిణీ ఫొటోలే. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే. నా బాధల్లా పది పాసయ్యాక ఆ పిల్లల వెనక ఎవరూ ఉండటం లేదనే.

మా నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. 1996 నవంబరు 6 నాటి తుపానుకు తోటలకు తోటలే నేలకొరిగాయి. చెట్టే లేకపోతే ఎక్కేవాడికి పనెక్కడిది? అప్పుడు నేను పదో తరగతి. పరీక్ష ఫీజు మా లెక్కల మాస్టారు కట్టారు. ఆ తర్వాత ఇంటర్, డిగ్రీ, బీఈడీ, ఆ ఆరేళ్లూ ఆయనే చూసుకున్నారు. ఒకటో తారీఖున రేవు దగ్గర బస్ పాస్ డబ్బులు చేతిలో పెట్టి, మార్కుల కాగితం అడిగేవారు. తగ్గితే కోప్పడేవారు. ఇంటర్ మధ్యలో నాన్న నన్ను పనిలో పెడతానంటే, సాయంత్రం వచ్చి చీకటి పడేదాకా మా అరుగు మీద నుంచి కదల్లేదు. చివరికి నాన్న, ‘తమరింతగా చెప్పేక కాదంటానాండీ’ అన్నారు.

నా జీతంతో తమ్ముడు పాలిటెక్నిక్, చెల్లి నర్సింగ్ చదివారు.

విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల దాకానే. ఇప్పుడు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ డొక్కా సీతమ్మ గారి పేరిట మధ్యాహ్న భోజనం ఉంది, ఆడపిల్లలకు బస్సు ఉచితం. అయినా పిల్లలు ఆగిపోతున్నారు. కిందటేడు పది పాసైన మా విద్యార్థిని మొన్న బస్టాండులో కనిపించింది. రొయ్యల షెడ్డులో తలలు తీస్తోంది. ఐసు నీళ్లకి వేళ్లు తెల్లగా నాని, చర్మం లేచిపోయింది. తల్లి కువైట్‌లో, పిల్ల అమ్మమ్మ దగ్గర. ‘ఫీజు కాదు టీచర్, నేను మానేస్తే అమ్మ వెళ్లిన అప్పు ఎలా తీరుద్దండీ’ అంది.

అందుకే దాతలకు నా మనవి. వందమందికి పుస్తకాలు పంచే డబ్బుతో ఇద్దరిని పట్టుకోండి, ఉద్యోగం వచ్చేదాకా వదలకండి. ఫీజుతో సరిపెట్టకుండా ఆ పిల్ల తెచ్చే కూలి లేక ఇంట్లో పడే ఇబ్బందీ కొంత మోయండి. నెలకోసారైనా వెళ్లి మాట్లాడండి. పూర్వ విద్యార్థుల సంఘాలవారు ఆగస్టులో తమ బడికి వెళ్లి, పది పాసై ఎక్కడా చేరనివాళ్ల పేర్లు అడగండి.

మా బడిలో ఈ ఏడాది నలుగురున్నారు. ఇద్దరిని మేం టీచర్లం చూసుకుంటున్నాం. మిగతా ఇద్దరికీ మనిషి కావాలి.

– ఒక ప్రభుత్వోపాధ్యాయిని, రాజోలు